పటం మీద సెంటీమీటరు, గోదావరి మీద ఎంత? – తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో చాలా ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పాను. పటం కొలవడం గురించి పిల్లలు అడిగిన ప్రశ్నలు, వాళ్ల నాన్నలు పొలం కాగితాలు పట్టుకొచ్చి అడిగినవి, ఫోన్‌లో మ్యాపు చూసి తికమకపడ్డవాళ్లు అడిగినవి కలిపి ఇక్కడ పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన చోటికి వెళ్లిపోండి. జిరాక్స్ గురించిన ప్రశ్న మాత్రం అందరూ చదవండి.

స్కేలు అంటే జామెట్రీ బాక్సులో ఉండే స్కేలేనా?

కాదు. ప్రతి సంవత్సరం కనీసం ఇద్దరు పిల్లలైనా ఈ ప్రశ్న అడిగేవారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. మనం రెండింటినీ ఒకే మాటతో పిలుస్తాం. బాక్సులోది కొలబద్ద. పటం స్కేలు అంటే పటం మీది దూరానికీ నేల మీది దూరానికీ ఉన్న నిష్పత్తి. ఈ స్కేలుతో లెక్క కట్టాలంటే ఆ స్కేలుతో కొలవాలి, చిక్కంతా అక్కడే. అందుకే ఈ పేజీలో చేతిలో పట్టుకునేదాన్ని కొలబద్ద అనీ, పటం మీద రాసి ఉండేదాన్ని స్కేలు అనీ అంటాను.

పటం మీద స్కేలు ఏ రూపంలో ఉంటుంది?

మూడు రకాలుగా. మాటల్లో రాస్తారు: 'ఒక సెంటీమీటరు = 5 కిలోమీటర్లు'. అంకెల్లో రాస్తారు: 1:50,000. పుస్తకాల్లో దీన్నే ప్రాతినిధ్య భిన్నం అంటారు. లేదంటే పటం అడుగున నలుపు తెలుపు గళ్లతో ఒక చిన్న పట్టీ గీసి 0, 1, 2, 3 కి.మీ. అని వేస్తారు. ఇది రేఖా స్కేలు. పిల్లలు దీన్ని అలంకారం అనుకుని వదిలేస్తారు. నన్నడిగితే మూడింటిలో నమ్మదగ్గది ఇదొక్కటే. ఎందుకో కింద చెబుతాను.

1:50,000 అంటే ఎన్ని కిలోమీటర్లు? ప్రతిసారీ భాగహారం చేయాలా?

పటం మీద 1 సెంటీమీటరు నేల మీద 50,000 సెంటీమీటర్లు. కిలోమీటరుకు 1,00,000 సెంటీమీటర్లు కాబట్టి అది అర కిలోమీటరు. అంటే 500 మీటర్లు.

భాగహారం అక్కర్లేదు. కుడి వైపు అంకెలో చివరి ఐదు స్థానాలు వేలితో మూసేయండి, మిగిలింది కిలోమీటర్లు. 1:10,00,000 లో ఐదు సున్నాలు మూస్తే 10 మిగిలింది, సెంటీమీటరుకు 10 కిలోమీటర్లు. 1:2,50,000 లో 2 మిగిలింది, మూసిన 50,000 ఇంకో అర, అంటే రెండున్నర. 1:50,000 లో మూస్తే ఏమీ మిగల్లేదు, కాబట్టి కిలోమీటరు కన్నా తక్కువ. అప్పుడు రెండు స్థానాలే మూయండి, మీటర్లు వస్తాయి: 500. 1:5,000 అయితే 50 మీటర్లు.

పెద్ద స్కేలు పటంలో మా ఊరొక్కటే ఉంది, చిన్న స్కేలు పటంలో దేశమంతా ఉంది. తిరగేసి చెబుతున్నారా?

తిరగేయలేదు. భిన్నంగా చూడండి. 5,000లో ఒకటో వంతు పెద్దదా, కోటిలో ఒకటో వంతు పెద్దదా? పెద్ద భిన్నం ఉన్నది పెద్ద స్కేలు. అందులో మీ ఊరి చెరువు, గుడి, రేవు పెద్దగా కనిపిస్తాయి. చిన్న స్కేలులో మన డెల్టా అంతా బొటనవేలి గోరు కింద దాక్కుంటుంది.

ఒక లెక్క చేసి చూపించండి.

రాజమండ్రి నుంచి అమలాపురం. 1:2,50,000 పటం మీద రెండు ఊళ్ల మధ్య కొలబద్ద పెడితే దాదాపు 20.8 సెం.మీ. వస్తుంది. సెంటీమీటరుకు 2.5 కి.మీ. కాబట్టి 20.8 × 2.5 = 52 కి.మీ.

ఇప్పుడు మీరు వెంటనే అంటారు, 'బస్సులో వెళ్తే అరవై పైనే కదా' అని. నిజమే, రావులపాలెం మీదుగా దాదాపు 65. పటం అబద్ధం చెప్పలేదు, మీ లెక్కా తప్పలేదు. కొలిచిన గీత వేరు, వెళ్లే దారి వేరు. రాజమండ్రి, కాకినాడల మధ్య కూడా అంతే. నేరుగా గీత గీస్తే 47, 48 కి.మీ. ఉంటుంది, రోడ్డు అరవై దాటుతుంది.

నది దాటే పని లేకపోతే, లేదా దారిలోనే వంతెన ఉంటే, నేరు దూరానికి పావు వంతు కలిపితే రోడ్డు దూరం కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఇది నా కాకిలెక్క. పరీక్షలో రాయకండి.

పటంలో రెండు ఊళ్లూ పక్కపక్కనే ఉన్నాయి, ఫోన్ మాత్రం పదుల కిలోమీటర్లు చూపిస్తోంది. స్కేలు తప్పా?

ఈ ప్రశ్న డెల్టాలో తప్ప ఇంకెక్కడా ఇంత తరచుగా రాదేమో. స్కేలు తప్పు కాదు, మధ్యలో గోదావరి ఉంది.

నరసాపురం, సఖినేటిపల్లి తీసుకోండి. గోదావరి పాయ వశిష్ఠకు అటొకటి, ఇటొకటి. నరసాపురం రేవులో నిలబడితే అవతలి ఒడ్డున చెట్లు కనిపిస్తాయి. 1:50,000 పటం మీద ఆ రెండు రేవుల మధ్య దూరాన్ని వేళ్లతోనే కొలవచ్చు. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే అదే దూరం. పంటు ఆగిపోయిందనుకోండి, వరద రోజుల్లో ఆపేస్తారు కూడా, అప్పుడు చించినాడ వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు.

కోటిపల్లి, ముక్తేశ్వరం సంగతి ఇంకా విచిత్రం. మధ్యలో గోదావరి ఇంకో పాయ, గౌతమి. పంటు లేకపోతే ఒకవైపు రావులపాలెం మీదుగా, లేదంటే యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీదుగా తిరగాలి. పటం మీద బొటనవేలంత దూరం కాస్తా బారెడవుతుంది.

కాబట్టి నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఇది. కొలబద్ద పెట్టే ముందు రెండు ఊళ్ల మధ్య పెన్సిల్‌తో సన్నగా గీత గీయండి. ఆ గీత ఎన్ని నీలి గీతలను దాటుతోందో లెక్కపెట్టండి. సన్నటి నీలి గీత పంట కాలువ, దాని మీద ఎక్కడో ఒక కల్వర్టు ఉంటుంది, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. రెండు గీతల మధ్య నీలం నింపి ఉంటే అది నది పాయ. అక్కడ ఆగి దగ్గర్లో వంతెన గుర్తు ఉందా, ఫెర్రీ అని రాసి ఉందా అని చూడండి. వంతెన గుర్తు ఉంటే మొదటి ఊరి నుంచి వంతెనకు ఒక కొలత, వంతెన నుంచి రెండో ఊరికి ఇంకో కొలత తీసుకుని కలపండి.

పటం ఎప్పటిదో కూడా చూడాలి. పాత షీటులో ఎదుర్లంక దగ్గర వంతెన ఉండదు.

వంకర టింకర దారిని కొలబద్దతో ఎలా కొలవాలి?

దారంతో. పాత పద్ధతే, ఇంతకన్నా మంచిది నాకు కనబడలేదు. కుట్టుమిషను దారం వద్దు, జారిపోతుంది. పూలు కట్టే దారం మంచిది. నీళ్లలో తడిపి పిండితే కాగితానికి అంటుకుని ఉంటుంది, మలుపు దగ్గర వేలు తీసినా లేవదు. పటం సొంతది కాకపోతే మాత్రం తడపకండి.

దారం ఒక చివర బయలుదేరే ఊరి మీద పెట్టి, రోడ్డు వెంబడి కొంచెం కొంచెంగా పరుచుకుంటూ వెళ్లండి. చేరే ఊరి దగ్గర గోటితో నొక్కి పట్టుకోండి. తర్వాత దారాన్ని తిన్నగా లాగి కొలబద్ద మీద పెట్టండి. మరీ బిగించి లాగకండి, నూలు దారం సాగుతుంది. ఇందాకటి రాజమండ్రి-అమలాపురం రోడ్డును ఆ పటం మీద దారంతో కొలిస్తే 26 సెం.మీ. దాకా వస్తుంది. 26 × 2.5 = 65.

దారం లేకపోతే కాగితం అంచు వాడొచ్చు. కాగితం అంచును దారి మొదటి తిన్నని ముక్క వెంబడి పెట్టి గుర్తు పెట్టుకోండి. మలుపు దగ్గర పెన్సిల్ మొన ఆనించి కాగితాన్ని తిప్పి తర్వాతి ముక్కకు సరిపెట్టండి. చివరిదాకా ఇలా చేసి, ఆ కాగితాన్ని నేరుగా రేఖా స్కేలు పక్కన పెడితే గుణకారం కూడా అక్కర్లేదు. మన కాలువ గట్లను కొలవడానికి ఇది హాయిగా ఉంటుంది, కాలువలు చాలా దూరం తిన్నగా పోతాయి కాబట్టి. ఏటి గట్టుకు మాత్రం దారమే.

గౌతమి పాయ పొడవు రెండు పటాల మీద కొలిచాను. రెండుసార్లూ వేరే జవాబు వచ్చింది. ఎందుకు?

మీరు సరిగ్గానే కొలిచి ఉంటారు. చిన్న స్కేలు పటం గీసినవాళ్లు నది చిన్న చిన్న మలుపులను తిన్నగా చేసేస్తారు, చేయకపోతే గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పెద్ద స్కేలు పటంలో ఆ మలుపులన్నీ ఉంటాయి కాబట్టి దారం ఎక్కువ పడుతుంది. ఎంత పెద్ద స్కేలు అయితే అంత ఎక్కువ పొడవు వస్తుంది. సముద్రపు ఒడ్డుకైతే ఇది మరీ ఎక్కువ. కోరింగ మడ అడవుల వైపు అంచు కొలవడం మొదలుపెడితే ఒక్కో పాయలోకి దూరి రావాలి, ఆ లెక్కకు అంతు ఉండదు. కాబట్టి నది పొడవో తీరం పొడవో రాసేటప్పుడు ఏ స్కేలు పటం మీద కొలిచారో పక్కన రాయండి.

వెడల్పుతో ఇంకో తంటా. ధవళేశ్వరం బ్యారేజీ ఒకే ముక్క కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాలు, మధ్యలో లంకలు, అంటే నదిలోని దీవులు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్టకూ ఇదే అమరిక. నాలుగు భుజాలూ కలిపితే దాదాపు మూడున్నర కిలోమీటర్లు. గట్టు నుంచి గట్టుకు గీత గీసి కొలిస్తే లంకలు కూడా కలిసి ఇంకా ఎక్కువ వస్తుంది. ఒక పిల్లాడు 'సార్, పుస్తకంలో తప్పు రాశారు' అని గట్టిగా వాదించాడు. వాడు కొలిచింది కరెక్టే, పుస్తకమూ కరెక్టే.

జిరాక్స్ తీసిన పటం మీద కొలవొచ్చా?

ఇది నా అనుభవం. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలను కాలువ గట్టు మీదుగా నడిపించి లాకులు చూపిద్దామనుకున్నాను. 1:50,000 పటంలో కావలసిన ముక్కను జిరాక్స్ తీయించి పిల్లలకు పంచాను. దారం పెట్టి కొలిస్తే 6 సెం.మీ., అంటే 3 కిలోమీటర్లు. పోను మూడు, రాను మూడు, టిఫిన్ తిని బయలుదేరితే భోజనాల వేళకు వచ్చేస్తాం అని ఇళ్లలో కూడా చెప్పించాను. నడుస్తున్నాం, నడుస్తున్నాం, లాకులు రావు. ఎండ ఎక్కింది. ఒక పిల్ల 'సార్, మీ మూడు కిలోమీటర్లు సాగుతున్నాయి' అంది. అందరూ నవ్వారు, నాకు మాత్రం టెన్షన్. తిరిగి వచ్చేసరికి రెండు దాటింది.

ఇంటికొచ్చి అసలు పటం తీసి చూస్తే సంగతి తెలిసింది. జిరాక్స్ షాపు అబ్బాయి ఏ3 ముక్కను ఏ4 కాగితంలో పట్టేలా తగ్గించి తీశాడు. నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఏ3 నుంచి ఏ4 కి తగ్గిస్తే పొడవులన్నీ 0.707 వంతు అవుతాయి. కాగితం మీద అంకె మాత్రం 1:50,000 అనే ఉంటుంది. నిజానికి ఆ ముక్క దాదాపు 1:70,700 అయిపోయింది. 6 సెం.మీ. అంటే 4.24 కిలోమీటర్లు, పోనూ రానూ కలిపి ఎనిమిదిన్నర.

రేఖా స్కేలును నమ్మమన్నది ఇందుకే. కాగితం తగ్గితే ఆ పట్టీ కూడా దాంతోపాటే తగ్గుతుంది, పెరిగితే అదీ పెరుగుతుంది. నేను ఆ రోజు ముక్క జిరాక్స్ తీయించేటప్పుడు అడుగున ఉన్న పట్టీని వదిలేశాను, అది నా తెలివితక్కువతనం. ఇప్పుడైతే ముక్కతోపాటు పట్టీని కూడా పక్కన పెట్టి తీయిస్తాను. వాట్సాప్‌లో వచ్చిన పటం ఫోటోకు, పీడీఎఫ్ ప్రింటుకు కూడా ఇదే జాగ్రత్త. ప్రింటు ఇచ్చేటప్పుడు 'పేజీకి సరిపెట్టు' అన్నది ఆన్‌లో ఉంటే స్కేలు అంకె పనికిరాదు.

పటం మీద స్కేలే లేదు. పారేయాల్సిందేనా?

అక్కర్లేదు. నిజం పొడవు మీకు తెలిసిన వస్తువు ఒకటి ఆ పటంలో ఉంటే చాలు. మన వైపు నాకు ఇష్టమైనది రాజమండ్రి ఆర్చి వంతెన. 1997లో వచ్చింది. ఒక్కోటి దాదాపు 97.55 మీటర్ల చొప్పున 28 ఆర్చీలు, మొత్తం 2.7 కిలోమీటర్ల పైచిలుకు. మీ పటం మీద ఆ వంతెన 3.6 సెం.మీ. ఉందనుకుందాం. 2,740ని 3.6తో భాగిస్తే సెంటీమీటరుకు సుమారు 760 మీటర్లు. మీ పటం స్కేలు దాదాపు 1:76,000. పక్కనే ఉన్న రోడ్డు కమ్ రైలు వంతెనతో కలగలిపి కొలవకండి, దాని రోడ్డు భాగం 4 కిలోమీటర్లు దాటుతుంది.

వంతెన లేని పటమైతే అక్షాంశ రేఖలు చూడండి. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కి.మీ. అంచు మీద 16°30', 16°45' అని రెండు గీతలు కనిపిస్తే వాటి మధ్య దూరం సుమారు 27.7 కి.మీ. కాగితం మీద అది 11 సెం.మీ. ఉంటే సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. నిలువు దిక్కునే కొలవండి. రేఖాంశాల మధ్య దూరం ఉత్తరానికి పోయేకొద్దీ తగ్గుతుంది, మన డెల్టా దగ్గర ఒక డిగ్రీ రేఖాంశానికి 107 కి.మీ. కూడా నిండదు.

ఫోన్ మ్యాపుకు స్కేలు ఎంత?

ఒక అంకె అంటూ ఉండదు. వేళ్లతో జూమ్ చేసిన ప్రతిసారీ మారుతుంది. మూలన చిన్న పట్టీ కనిపిస్తుంది, 200 మీటర్లనో 1 కి.మీ. అనో, అదే ఆ క్షణానికి స్కేలు. స్క్రీన్‌షాట్ తీస్తే పట్టీ కూడా అందులో పడేలా తీయండి.

ఇంకో మెలిక ఉంది. ఫోన్ మ్యాపులు చాలావరకు మెర్కేటర్ పద్ధతిలో గీసినవి. భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ నేల సాగినట్టు కనిపిస్తుంది. అదే జూమ్‌లో శ్రీనగర్ వైపు జరిగితే ఒక సెంటీమీటరుకు వచ్చే నిజమైన దూరం కోనసీమలో కన్నా సుమారు 14 శాతం తక్కువ. ఇక్కడి పట్టీ కొలతను గుర్తుపెట్టుకుని అక్కడ వాడకూడదు. డెల్టా లోపల తిరిగేంత వరకు ఈ తేడా మీకు తగలదు.

తాతగారి కాలం పటంలో మైళ్లు, అంగుళాలు ఉన్నాయి.

'1 అంగుళం = 1 మైలు' అని ఉంటే అది 1:63,360. మైలుకు 63,360 అంగుళాలు కాబట్టి ఆ వింత అంకె. సెంటీమీటర్లలో కొలిస్తే సెంటీమీటరుకు 633.6 మీటర్లు. కానీ అంగుళాల వైపు తిప్పి కొలవడమే సుఖం, తర్వాత 1.6తో గుణిస్తే కిలోమీటర్లు వచ్చేస్తాయి. క్రోసులు, ఆమడలు ఎక్కడైనా రాసి ఉంటే మాత్రం వాటితో లెక్క కట్టకండి. వాటి కొలత ఊరికొకటి.

ఊరి పటం, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల సర్వే పుస్తకం) మీద గట్టు పొడవు ఎలా తెలుసుకోవాలి?

పాత గ్రామ పటాలు చాలావరకు '16 అంగుళాలు = 1 మైలు' స్కేలులో ఉంటాయి. అంటే 1:3,960. ఒక అంగుళం 330 అడుగులు. ఇది ఎంత అందమైన లెక్కో చూడండి. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, కాబట్టి అంగుళానికి సరిగ్గా 5 గొలుసులు. చదరపు అంగుళానికి 25 చదరపు గొలుసులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అంటే రెండున్నర ఎకరాలు. గొలుసుకు 100 లింకులు, లింకు 20 సెంటీమీటర్ల పైన కొంచెం. ఎఫ్‌ఎంబీలో గట్టు పక్కన రాసిన అంకె లింకుల్లోనా మీటర్లలోనా అన్నది ముందు తేల్చుకోండి. లింకులను అడుగులనుకుంటే 66 అడుగుల గట్టు 100 అడుగులు అయిపోతుంది, అక్కణ్ణుంచి అన్నదమ్ముల మధ్య మాట పెరుగుతుంది.

కొత్త పటాలు 1:5,000 అయితే సెంటీమీటరుకు 50 మీటర్లు.

ఒక మాట. ఎఫ్‌ఎంబీ మీద అంకె రాసి ఉంటే ఆ అంకెనే తీసుకోండి. కొలబద్దతో మళ్లీ కొలిచి 'నాకు రెండడుగులు ఎక్కువ వచ్చింది' అనకండి. అంకె నేల మీద కొలిచి రాసింది, బొమ్మ దాన్ని చూసి గీసింది. హద్దు తగాదా అయితే కాగితం మీద తేలదు, సర్వేయరు రావాలి.

లంక ఎన్ని ఎకరాలుంటుందో పటం మీద చెప్పొచ్చా?

చెప్పొచ్చు, కానీ ఇక్కడే తెలివైనవాళ్లు కూడా జారతారు. పొడవుకు స్కేలు ఒకసారి వాడితే, విస్తీర్ణానికి రెండుసార్లు వాడాలి. 1:50,000 లో సెంటీమీటరు అర కిలోమీటరు, కాబట్టి చదరపు సెంటీమీటరు పావు చదరపు కిలోమీటరు, అర చదరపు కిలోమీటరు కాదు. అంటే 25 హెక్టార్లు, దాదాపు 61.8 ఎకరాలు. 1:5,000 లో అదే చదరపు సెంటీమీటరు 61.8 సెంట్లు. స్కేలు పది రెట్లు మారితే విస్తీర్ణం నూరు రెట్లు మారింది. ఎకరాలు కాస్తా సెంట్లయ్యాయి, ఇది గుర్తుంటే మిగతాది మర్చిపోరు.

లంక గుండ్రంగానో చతురస్రంగానో ఉండదు కాబట్టి పలచటి గ్రాఫ్ కాగితం మీద అంచు గీసి గళ్లు లెక్కపెట్టండి. సగానికి పైగా నిండిన గడిని ఒకటిగా వేసుకోండి, సగం కన్నా తక్కువదాన్ని వదిలేయండి. ఆ లంక పటం సర్వే చేసిన ఏడాదిది అన్నది మాత్రం మరవకండి. గోదావరి ఒకవైపు కోసుకుంటూ ఇంకోవైపు మేట వేస్తుంది. పటంలో తోట ఉన్నచోట ఇప్పుడు నీళ్లుండొచ్చు.

ఎంత కచ్చితంగా వస్తుంది?

మీ పెన్సిల్ గీత మందం అర మిల్లీమీటరు అనుకోండి. 1:50,000 పటం మీద అది 25 మీటర్లు. 1:2,50,000 మీద 125 మీటర్లు. కాబట్టి '52.347 కి.మీ.' అని కాలిక్యులేటర్ చూపించినదంతా రాయకండి, 52 చాలు. రోడ్లను కూడా కనిపించడం కోసం అసలు కన్నా లావుగా గీస్తారు. పటం మీద రోడ్డు వెడల్పు కొలిచి రోడ్డు ఎంత వెడల్పో చెప్పడం కుదరదు.

ఎత్తుపల్లాల వల్ల దూరం పెరగదా?

పటం చూపేది చదును దూరం. మన డెల్టాకు దాంతో ఇబ్బంది లేదు. 1:50,000 షీట్లలో సాధారణంగా 20 మీటర్లకో కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) గీస్తారు, డెల్టా షీట్లలో అవి వెతికినా దొరకవు. ఎక్కడైనా ఎత్తు అంటే ఏటి గట్టే. పాపికొండల వైపు అయితే తేడా వస్తుంది, కానీ అనుకున్నంత కాదు. కిలోమీటరుకు 200 మీటర్లు ఎక్కినా నడిచే దూరం 20 మీటర్లే పెరుగుతుంది. ఆయాసం సంగతి వేరు.

పరీక్షలో మార్కులు ఎక్కడ పోతాయి?

యూనిట్ల దగ్గర. 1:50,000 పక్కన సెం.మీ. అని రాయకూడదు, అది ఉత్త నిష్పత్తి. జవాబు పక్కన కి.మీ. రాయకపోతే అర మార్కు పోతుంది. 'ఒక సెంటీమీటరు = 5 కి.మీ.'ని భిన్నంగా మార్చమంటే 5 పక్కన ఐదు సున్నాలు పెట్టండి: 1:5,00,000.

టోపోషీటు ఎక్కడ దొరుకుతుంది? అమలాపురం షీటు ఏది?

టోపోషీటు అంటే ఊళ్లు, రోడ్లు, నదులు, ఎత్తులు అన్నీ వివరంగా చూపే సర్వే పటం. వీటిని తయారుచేసేది సర్వే ఆఫ్ ఇండియా, 1767 నుంచీ ఉన్న సంస్థ. 1:50,000 పటాలను 2017లో నక్షే అనే పోర్టల్‌లో పీడీఎఫ్‌గా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. లాగిన్ కావాలి.

పాత నంబర్ల ప్రకారం కోనసీమ 65 హెచ్, 65 ఎల్ షీట్లలో పడుతుంది. ఆ రెండింటికీ సరిహద్దు 82 డిగ్రీల రేఖాంశం. ఆ గీత పోయి పోయి అమలాపురం పక్కనుంచే పోతుంది! కాబట్టి అమలాపురం చుట్టుపక్కల ఏ దూరం కొలవాలన్నా పడమటి వైపుకు 65 హెచ్/14, తూర్పు వైపుకు 65 ఎల్/2, రెండూ కావాలి. రాజమండ్రి వాళ్లు నవ్వనక్కర్లేదు, 17 డిగ్రీల అక్షాంశం వాళ్ల ఊరి మీదుగానే వెళ్తుంది.

రెండు షీట్లు కలపాలంటే ఒకదాని తెల్ల అంచును వెనక్కి మడిచి, రెండోదాని చట్రం గీతకు సరిగ్గా ఆనించండి. రోడ్లు, కాలువలు ఒకదానికొకటి కలిశాయో లేదో రెండు మూడు చోట్ల చూసుకోండి. ఒక్క మిల్లీమీటరు ఎడం ఉన్నా 50 మీటర్లు తేడా. ఫెవికాల్ రాయకండి, వెనక నుంచి చిన్న టేపు ముక్కలు రెండు చాలు. నా షీట్లు మొదట్లో జిగురుతో అంటించాను, ఆ మరక కింద అమలాపురం సగం ఇప్పటికీ కనిపించదు.